తిరగమొలక

ఒక జీవికి శాస్త్రం ప్రకారం పేరు పెట్టాలంటే ముందు దాన్ని చంపాలి. ఈ సంగతి నాకు నలభై నాలుగో ఏట తెలిసింది. అప్పటిదాకా పేరంటే పుట్టినవాళ్ళకి పెట్టేదే అనుకున్నాను.

నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. చింతపల్లి కొండల మీద కాఫీతోటల్లో, సిల్వరోక్ చెట్లెక్కి మిరియాలు కోసి బతికేవాణ్ణి. ఆ చెట్ల మీదే రెక్కతొండలుంటాయి. తోకతో కలిపినా జానెడు. బెరడు రంగులో కలిసిపోయి ఉంటుంది, కదిలేదాకా అక్కడ ఉందనే తెలీదు. పక్కటెముకలు చాపిందంటే వాటి మధ్య చర్మం గొడుగులా విచ్చుకుంటుంది. ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి గాలిలో జారుకుంటూ పోతుంది. పిట్టలాగా రెక్కలాడించదు, జారడమే. మగదాని గొంతు కింద పసుపుపచ్చ తిత్తి ఒకటుంటుంది, దాన్ని జెండాలా ఆడిస్తుంది. పైకొండ మీద ఉన్నవాటి జెండా మాత్రం నీలంగా ఉంటుంది. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నాకు తెలిసినంతకాలం అది శాస్త్రం కాలేదు. లోచని మేడం వచ్చి చూశాకే అయింది.

డాక్టర్ పద్మలోచనిది గుంటూరు వైపు. మా కొండ కింద పరిశోధన కేంద్రం పెట్టినప్పుడు చెట్లెక్కే మనిషి కావాలని నన్ను పనిలో పెట్టుకున్నారు. నీలం జెండా తొండని నేను పట్టి ఇచ్చిన రోజు ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇది కొత్త జాతి అయ్యుండాలి బొంజుబాబూ. దీనికి పేరు పెట్టాలి."

"రెక్కతొండ అని ఉంది కదండీ."

"అది మీ ఊరి పేరు. లోకానికంతటికీ ఒక పేరు ఉండాలి కదా. అందులో రెండు మాటలుంటాయి. మొదటిది డ్రాకో, అది ఇంటిపేరనుకో. ఎగిరే తొండలన్నిటికీ అదే. రెండోది మనిషి పేరులాగా. అది మనం పెట్టాలి."

"మీ పేరు పెట్టుకోండి."

"ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోకూడదు. నవ్వుతారు. నీ పేరు పెట్టనా?"

"నా పేరొద్దండీ. మా గుంట పేరు పెట్టండి. నిరోష."

నిరోష మా ఒక్కగానొక్క పిల్ల. తొమ్మిదేళ్ళది. మలేరియా మెదడుకెక్కి రెండు రోజుల్లో పోయింది. అప్పటికి రెండేళ్ళయింది. మేడం ఆ పేరు కాగితం మీద రాసుకుని, "సరే, నిరోష పేరే" అన్నారు.

అందుకోసం ఒక మంచి తొండని ఎంచాలన్నారు. ఎంచినదాన్ని మందిచ్చి చంపి, స్పిరిట్లో ముంచి, కాలికి ఎర్ర చీటీ కట్టి సీసాలో పెడతారు. ఆ పేరు ఆ ఒక్క ఒంటిదే. అడవిలో తిరిగేవన్నీ దానికి చుట్టాలు, అంతే. వందేళ్ళ తర్వాత ఎవడికైనా అనుమానమొస్తే అడవికి రాడు, సీసా దగ్గరికి పోతాడు. మంచిదాన్ని ఎంచింది నేను. పట్టింది నేను. సూది గుచ్చుతుంటే అది కదలకుండా పట్టుకుందీ నేనే. నా పిల్ల పేరు నిలబెట్టడానికి నా చేతుల్లో ఇంకో ప్రాణం పోయింది. చదువుకున్నవాళ్ళ పద్ధతి అదైతే సరే అనుకున్నాను.

అక్కడితో అయిపోలేదు. పేరు ఒప్పుకోవలసిన పెద్దలు ఉత్తరం రాశారు. పాత రెక్కతొండకి రెండొందల ఏళ్ళ కిందటే ఎవరో దొర పేరు పెట్టాడు, దాని సీసా దేశం అవతల ఎక్కడో ఉంది. మీది దానికంటే వేరని ఎలా చెబుతారు, దాని గొంతు ఏ రంగులో ఉండేది అని అడిగారు. ఏ రంగని చెబుతాం? రెండొందల ఏళ్ళు స్పిరిట్లో నానినది ఉడకబెట్టిన చేపలా తెల్లగా ఉంది.

"అయితే దాన్నే లేపి చూద్దాం" అన్నారు మేడం.

చచ్చినదాన్ని చిన్న ముక్క నుంచి మళ్ళీ మొలిపించడమే ఆవిడ అసలు పని, తొండలు కాదు. దాని ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగదు. నేను తిరగమొలక అన్నాను, తర్వాత కేంద్రంలో అందరూ అదే అన్నారు. పాత తొండ తొడ నుంచి బియ్యపు గింజంత ముక్క తెప్పించారు. దాన్ని మూడు నీళ్ళలో కడిగి, ఫ్రిజ్ అంత యంత్రంలో పెట్టారు. పదహారు రోజులు అది తేనెటీగల పట్టులా మూలుగుతూనే ఉంది.

"లోపలున్న రాత చినిగి పేలికలైంది. అతుకులేస్తున్నాం" అన్నారు మేడం. అతికిన రాతని బతికున్న ఆడతొండ పెట్టిన గుడ్లలో పెట్టారు. ఐదు గుడ్లు. వాటిని తడిమట్టిలో కప్పి, రోజుకి రెండుసార్లు నేనే వేడి చూసేవాణ్ణి. రెండు కుళ్ళిపోయాయి. మూడు యాభైమూడో రోజున పగిలాయి. దొర చంపి సీసాలో పెట్టినది నా అరచేతిలో కూర్చుని నాలుక చాపింది.

నాకు సంతోషం వేసిందో భయం వేసిందో ఇప్పటికీ చెప్పలేను. మేడం మాత్రం ఏడ్చారు. తర్వాత ఒకదాన్ని కొండ కింద షెడ్డులో, ఒకదాన్ని పైకొండ షెడ్డులో, ఒకదాన్ని ల్యాబులో గాజుపెట్టెలో పెంచమన్నారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నోరు జారాను. నా పెళ్ళాం కాసులమ్మ పొయ్యి దగ్గర అంబలి కలుపుతోంది.

"అయితే అది సచ్చినట్టా, బతికినట్టా?" అంది.

"రెండూను. సచ్చింది సీసాలోనే ఉంది. బతికింది పెట్టెలో ఉంది. తొండ ఒక్కటే."

"తాగొచ్చినావేటి?"

"నీ మీదొట్టు. బియ్యపు గింజంత ముక్కతోటి మొలిపించినారు."

"ఎండిపోయిన ముక్కయినా సరేనా?"

"ఎండిందైతే మరీ మంచిదట. మందులో నానబెట్టిందే కష్టమట."

కాసులమ్మ గరిట వదిలేసింది. "మరి పేరు తొండకెందుకు? పిల్లకే ఇమ్మను."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చూస్తే ఆమె కళ్ళు నా జబ్బ మీదున్నాయి.

నా జబ్బకి వెండి తాయెత్తు ఉంది. అది నిరోషది. పురిట్లో ఊడిన బొడ్డు ముక్కని ఎండబెట్టి, తాయెత్తులో పెట్టి, లక్కతో మూసి పిల్లకి కడతాం కదా, అదే. పిల్ల పోయాక కాసులమ్మ దాన్ని మట్టిలో కలపనివ్వలేదు. చెట్లెక్కేవాడివి, అదే నిన్ను కాస్తుందని నాకు కట్టింది. రోజూ నేను పనికెళ్ళేముందు దాన్ని కళ్ళకద్దుకుని దండం పెట్టేది.

అందులో ఉన్నది నిరోష బొడ్డు కాదు. ఇది నాకొక్కడికే తెలుసు. ఎర్ర చీటీ కట్టడానికి ఆ మంచి తొండని పట్టిన రోజున, కొమ్మ తగిలి తాడు తెగింది. తాయెత్తు కిందనున్న రాతి మీద పడి, మూత ఊడిపోయింది. వెండి గొట్టం దొరికింది, లోపలిది దొరకలేదు. కాఫీచెట్ల కింద మోకాళ్ళ లోతు ఆకులు. రెండు రోజులు ఉత్త గొట్టమే జబ్బకి కట్టుకుని, పనికెళుతున్నానని చెప్పి ఆ ఆకులే దేవాను. గోరంత ముక్క, ఎండుటాకు రంగు, ఎక్కడ దొరుకుతుంది? మూడో రోజున మా అమ్మ పొగాకు డబ్బీ తీశాను. మా అమ్మ చచ్చేదాకా దాచుకున్న నా బొడ్డు అందులో ఉంది. దాన్నే గొట్టంలో పెట్టి, లక్క కరిగించి మూసేశాను. కాసులమ్మ మళ్ళీ ఏడవకూడదని చేశాను. అప్పటికి తిరగమొలక సంగతే నాకు తెలీదు.

మర్నాడు ఉదయం తాయెత్తు విప్పుకుని, నాకంటే ముందు ఆమె కేంద్రానికి నడిచింది.

"మనుషుల సంగతి వేరమ్మా" అన్నారు మేడం.

"ఏటి వేరు మేడంగోరూ? మీ తొండకి తల్లి ఎవుర్తో తెల్దు, నాయన ఎవడో తెల్దు. నా గుంటకి మేమిద్దరం ఉన్నాం. కడుపు నాదుంది."

"చట్టం ఉంటుంది కాసులమ్మా."

"వద్దందా చట్టం?"

మేడం తడబడ్డారు. "వద్దనలేదు. దీని గురించి ఇంకా ఏమీ అనలేదు."

"మరింకేటి!"

"నీకు నలభై దాటాయి. పుట్టినా, అది మీ నిరోషే అనుకోవడానికి లేదు. అమ్మా అని నిన్ను గుర్తుపట్టదు. మొదట్నుంచీ పెంచాలి."

"మొదటిసారి పుట్టినప్పుడు మాత్రం గుర్తుపట్టిందా? నానే సెప్పుకున్నాను, నాను నీ అమ్మనే అని."

మేడం నా వైపు చూశారు. నేను నోరు తెరవవలసిన సమయం అదే. అది కాదే, అందులో ఉన్నది నేను అని ఒక్క మాట చాలు. రాలేదు. ఎందుకు రాలేదో నన్నడిగితే తెలీదు. పిల్ల పోయిన మూడేళ్ళకి కాసులమ్మ ముఖంలో ఆకలి లాంటిది కనబడింది. ఆ ముఖం ముందు ఏ మాటా తోచలేదు.

"చూస్తాను. చదవగలమో లేదో చూడడం వరకే" అని మేడం తాయెత్తు తీసుకున్నారు. ఆవిడకీ చూడాలనే ఉంది. చెయ్యొద్దని చెబుతున్నప్పుడే చెయ్యి చాపారు.

యంత్రం మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. మనిషి రాత పొడవట, నెలలు పట్టింది. ఈలోగా తొండలు పెరిగాయి. వాటితో నా తల ఇంకా తిరిగిపోయింది.

కింది షెడ్డులోదానికి గొంతు పసుప్పచ్చగా వచ్చింది. పైకొండ షెడ్డులోదానికి నీలంగా వచ్చింది. గాజుపెట్టెలోదానిది బురదరంగు. ఒక్క తొండ, ఒక్క ముక్క, మూడు జెండాలు. వాటి బుద్ధులూ అంతే. నీలందాన్ని మాను మీద పెడితే చాలు, రెక్క విప్పి జారిపోతుంది. పసుప్పచ్చది కరుస్తుంది. బురదరంగుది మానుని కావిలించుకుని ఉండిపోతుంది. ఎన్నిసార్లు అదిలించినా దూకదు.

మేడం రెండు రోజులు ఆ మూడు గొంతులే మళ్ళీ మళ్ళీ చూసి రాసుకున్నారు. మూడో రోజు నన్ను పిలిచి, కత్తెర తీసుకుని, నేను చంపిన తొండ కాలికున్న ఎర్ర చీటీ కత్తిరించారు.

"పైకొండ చలికి రంగు మారుతోంది, అంతే. రెండూ ఒకటే జాతి. కొత్తది లేదు."

"మరి నిరోష పేరు?"

"క్షమించు బొంజుబాబూ. దీనికి పాత పేరే ఉంది. మనం పెట్టడానికి లేదు."

"మరి దీన్నెందుకు చంపినాం?"

ఆవిడ కత్తెర సొరుగులో పెట్టేశారు. ఆరో తరగతివాడి ప్రశ్నలకి ఇంత చదివినవాళ్ళ దగ్గర జవాబుండకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ రోజు మాత్రం నాకు కోపం రాలేదు, ఇంకొకటి తెలుసుకోవాలనిపించింది.

"ఈ మూడింట్లో అసలుది ఏది మేడం?"

"మూడూ అసలువే."

"అయితే ఆ పేరు వీటిలో ఎవరిది?"

"వీటిదేదీ కాదు. సీసాలో ఉన్నదానిది."

"మరివి ఎవరు?"

మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకూ తెలీదు. దీన్ని చేసేముందు ఎవరూ ఆలోచించలేదు. నేను కూడా."

"ఇంకొకటండీ. సీసా మీద చీటీ ఒకరిది, లోపల ఒళ్ళు ఇంకొకరిది అయితే?"

"అలా జరిగిన కథలు చాలా ఉన్నాయి. ఎవరో చీటీ పోగొట్టి, దొరికినది కట్టేస్తారు. ఎప్పటికో బయటపడుతుంది. అప్పుడు పేరు ఒంటిని బట్టే పోతుంది. మనం ఎవరనుకున్నామో దాంతో పని లేదు. ఎందుకు?"

"ఊరికే."

ఊరికే అని వచ్చేశాను. పసుప్పచ్చది నా వేలు కరిచింది. చాలాసేపు వదిలించుకోలేదు.

శుక్రవారం మేడం మా ఇద్దరినీ పిలిచారు. కాసులమ్మ తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మేడం చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని మడుస్తున్నారు, విప్పుతున్నారు.

"ముక్క బాగుంది. రాత ఎక్కడా చినగలేదు. మొలిపించాలంటే మొలుస్తుంది" అన్నారు. కాసులమ్మ చేతులు జోడించింది. "కానీ అమ్మా, ఇది ఆడపిల్లది కాదు. మగవాడిది. తాయెత్తు ఎక్కడైనా మారిందా?"

"మారడానికి నా గుంట బొడ్డు సంతలో అమ్మినానేటి? సరిగ్గా సూడండి మేడంగోరూ."

"మూడుసార్లు చూశాను."

"అది నాది" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. మొదట మేడం సాగదీసి అడిగారు, ఏది నీది అని. నేను కాసులమ్మకే చెప్పాను. తాడు తెగడం, ఆకులు దేవడం, అమ్మ పొగాకు డబ్బీ, లక్క. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏడాదికి పైగా మోసిన మాట మూడు నిమిషాలు కూడా రాలేదు.

కాసులమ్మ అరవలేదు. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. తలకి రాసుకున్న నూనె చేత్తో తుడుచుకుంది.

"అయితే ఏడాదినుంచీ నాను దండం ఎట్టింది నీకేనేటి?" అంది.

"కాసులమ్మా..."

"రోజూ పొద్దున్న కళ్ళకద్దుకున్నాను. అమ్మా, మీ నాయన్ని పడిపోకుండా సూడే అని మొక్కినాను. నీ బొడ్డుకి నాను మొక్కుతుంటే నువ్వు గుడ్లప్పగించి సూసినావు."

అటునుంచి అటే వాళ్ళన్న ఊరికి పోయింది. నేను వెంట పడలేదు. ఏ ముఖంతో?

పదకొండు రోజులు నేను వండుకోలేదు. కేంద్రంలోనే తొండల దగ్గర కూర్చునేవాణ్ణి. మేడం నాతో జాగ్రత్తగా మాట్లాడేవారు, నేను పగిలే వస్తువునైనట్టు. ఒకరోజు ఉండబట్టలేక అన్నారు: "నిజానికి బొంజుబాబూ, అసలు మనిషి బతికుండగానే అతని పక్కన తిరగమొలకని పెట్టి చూడటం ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు." అని వెంటనే నాలిక కరుచుకున్నారు. అంటే నేను సీసాలోకి పోకుండానే సీసాతొండనయ్యాను. తిట్టాలనిపించింది. తిట్టలేదు. ఆవిడ తప్పు మాట్లాడలేదు కదా అనీ అనిపించింది. ఆ రోజుల్లో నాకు ఏ సంగతి మీదా ఒక్క అభిప్రాయం నిలవలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం కాసులమ్మ వచ్చింది. ఇంటికి కాదు, కేంద్రానికి. నన్ను చూడనట్టే మేడం బల్ల దగ్గరికి పోయింది.

"ఆ ముక్క పారేసినారా?"

"లేదమ్మా. జాగ్రత్తగా ఉంచాను. మీ ఆయనకి ఇచ్చేద్దామనుకుంటున్నాను."

"ఇయ్యకండి. మొలిపించండి."

"ఒలే, అది నానే!" అన్నాను.

"తెలుసు. నాకు సెవుడు నేదు." అప్పుడు నా వైపు తిరిగింది. "నా గుంట సగం నీదే కదా. మా వదిన అంది. ఔనా మేడంగోరూ?"

"సగం ఆయన దగ్గర్నుంచే వచ్చింది. కానీ..."

"సగమైనా దొరికింది. మిగతా సగం నా కాడుంది. ఆకుల్లో పారేసుకున్నదాన్ని దేవడానికి ఇంక నాకు ఓపిక నేదు."

"నీ కడుపున నాను పుట్టడమేటే? ఊరేటంటాది? నన్నేటని పిలవాల? ఆడికి నాను నాయన్నా, అన్ననా?"

"నువ్వు నువ్వే. ఆడు ఆడే. ఆ మూడు తొండలూ ఒకలాగే ఉన్నాయేటి? నువ్వే సెప్పినావు, ఒకటి ఎగురుద్ది, ఒకటి కరుద్ది, ఒకటి సెట్టుని వదల్దని."

"అయితే నా పేరు..."

"నీ పేరు నీకాడే ఉంచుకో. నిరోష పేరు నిరోషదే, అది ఇంకెవుర్కీ ఇయ్యను, తొండకీ ఇయ్యను. ఆడు పుట్టనీ. ఏడుస్తాడో, నవ్వుతాడో, కరుస్తాడో సూసి అప్పుడెడతాం. సచ్చినోళ్ళని సూసి ఎట్టే పేరు నాకొద్దు."

మేడం సొరుగులోంచి కాగితాలు తీశారు. ఇది జరగకపోవచ్చు, ఐదింట్లో రెండు కుళ్ళాయి, కాసులమ్మ ప్రాణానికే మోసం రావచ్చు, తనని రేపు ఎవరైనా జైల్లో పెట్టవచ్చు అన్నీ చెప్పారు. కాసులమ్మ అన్నిటికీ తలూపింది. ముక్క ఎవరిదో వాళ్ళు ఒకచోట, తండ్రి ఒకచోట సంతకం చేయాలన్నారు. రెండు చోట్లా నేనే. ఒకచోట ఇచ్చేవాణ్ణి, ఒకచోట పుచ్చుకునేవాణ్ణి. నేను ఒప్పుకుంటున్నానో లేదో నాకే తెలీకుండా కలం పట్టుకున్నాను.

"ఇదేటి, కింద కాళీ ఉంది?" అన్నాను.

"పుట్టబోయేవాడి గురించి మీరేమైనా ముందే చెప్పాలనుకుంటే. రోగాలూ అవీ."

"రోగాల్లేవండీ." ఆగాను. "ఎడంచేతి వాటం అని రాయండి."

మేడం తలెత్తారు. "నీది కుడిచెయ్యే కదా."

"కొట్టి మార్చినారండీ. ఎడం చేత్తో బలపం పడితే మాస్టారు స్కేలు నిలబెట్టి కణుపుల మీద కొట్టేవోడు. ఆరో తరగతి దాకా ఓర్సుకున్నాను."

కాసులమ్మ నన్ను చూసింది. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఈ మాట ఆమెకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చదువంటే ఇష్టంలేక మానేశానని చెప్పుకు తిరిగాను.

"ఎడమచేతి వాటం వస్తుందని లేదు బొంజుబాబూ" అన్నారు మేడం మెల్లగా. "రావచ్చు, రాకపోవచ్చు. తొండల్ని చూశావుగా."

"రాకపోతే మంచిదే. వస్తేనో? రాయండి. ఆ చేతి మీద ఎవరూ కొట్టొద్దని కూడా రాయండి."

"ఇందులో అలాంటివి..."

"రాయండి మేడంగోరూ" అని కాసులమ్మ కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. "ఎవడు కొడతాడో నాను సూత్తాను."